సెలవునాటి సాంచా

బిడ్డ పుట్టిన నెలలో నా మతి నా చేతిలో లేదు. అన్నం డబ్బా అనుకుని బిడ్డ పౌడర్ డబ్బాను సంచిలో వేసుకుని పనికి పోయాను. మధ్యాహ్నం మూత తీసి, ఆకలి మరిచిపోయి, ఆ వాసన పీలుస్తూ నవ్వుకుంటూ కూర్చున్నాను.

నేను సూరత్‌లో మరమగ్గాలు నడుపుతాను. మావాళ్లు వాటిని సాంచాలంటారు. నలభై సాంచాలు ఒక్కసారిగా ఆడుతుంటే పక్కవాడి కేక కూడా చెవికి ఎక్కదు. అలాంటి చోట నాకు బిడ్డ ఏడుపు వినబడింది. నా ఎనిమిది సాంచాలూ టకటకా ఆపేశాను. మా జిల్లావాడే అయిన మేస్త్రీ ఉరికొచ్చాడు.

“ఏందిరా, దారం తెగిందా?”

“లేదన్నా. బిడ్డ ఏడుస్తున్నది.”

“యాడ?”

“ఇంటికాడ.”

ఇల్లేమో భేస్తాన్‌లో, నా కార్ఖానా దాని అవతల ఉన్ అనే ఇంకో పేటలో. మేస్త్రీ నా నుదురు పట్టి చూశాడు. “పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టుమన్నడట నీ అసొంటోడు,” అన్నాడు.

అందరితోపాటు నేనూ నవ్వాను కానీ భయం పట్టుకుంది. లేని ఏడుపు వినేవాడు ఉన్న బిడ్డను జారవిడవడని ఏం నమ్మకం? తెగిన పోగును కళ్లు మూసుకుని ముడేసే చేతులు, ఆ పిడికెడు తలను పట్టుకోవడానికి మాత్రం ముందుకు రాలేదు. గడప దగ్గరే నిలబడి చూసి మురిసిపోయేవాణ్ని.

“దూరంకెల్లి దండం పెట్టనీకి అదేమన్న దేవుడా? జర ఎత్తుకో,” అనేది నా భార్య.

వారానికోసారి కరెంటు తీసేస్తారు. సాంచాలన్నీ ఆగుతాయి, అందరికీ సెలవు. సెలవు వచ్చిందంటే చాలు, బిడ్డ గుక్కపట్టి ఏడ్చేది. సూరత్‌లో ఉన్న మా ఊరివాళ్లంతా చూడడానికి వచ్చేది ఆరోజే కాబట్టి దిష్టి తగిలిందని, కాన్పుకు వచ్చిన అత్త తీర్పు చెప్పింది. వచ్చిన ప్రతివాడికీ లెక్కగా మిరపకాయలు కాల్చేది. ఆ ఘాటుకు చుట్టాలు పారిపోయారు గానీ ఏడుపు మాత్రం పోలేదు.

మూడో సెలవునాడు గది మూలన పడుకున్నాను. కునుకు పట్టలేదు. సాంచాల మోత లేకపోతే నాకెప్పుడూ నిద్ర రాదు. అప్పుడు తట్టింది. మా గది కూడా ఓ కార్ఖానా మీదే ఉంది. తొమ్మిది నెలలు తల్లి కడుపులో ఉండి బిడ్డ విన్నది కింది సాంచాలనే కదా!

లేచాను. భయం సంగతి గుర్తొచ్చేలోపే బిడ్డ నా రొమ్ము మీద ఉంది. “టక్ టకా టక్, టక్ టకా టక్,” అంటూ సాంచాలా ఊగాను. ఏడుపు ఎక్కిళ్లయింది, ఎక్కిళ్లు ఆగాయి. చిన్న నోరు తెరిచి నిద్రపోయింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది, కానీ కదిలితే లేస్తుందని ఆ గంతును కూడా నోటితోనే వేశాను. నా భార్య కడుపు పట్టుకుని నవ్వింది. రెండు గంటలు సాంచానై ఆడాను. పెదాలు మొద్దుబారాయి.

సాయంత్రం కరెంటు వచ్చింది. కింద సాంచాలు మొదలయ్యాయి. అత్త చేతులు చాపింది.

“మిషన్లు నడుస్తున్నయిగా అల్లుడా, ఇగ ఇటియ్యి.”

“అవి నడువనీ అత్తమ్మా,” అన్నాను, “నేనియ్య.”