నా తరఫున బావ చేసిన ఫోను

పాప పడుకుంది. దగ్గు ఇంకా తగ్గలేదు. రేపు బడికి పంపాలా వద్దా అని ఆలోచిస్తూ పక్కనే కూర్చున్నాను. నిద్ర పట్టక ఇది రాయడం మొదలుపెట్టాను. నిన్న మధ్యాహ్నం హైదరాబాదుకు ఒక ఫోను చేశాను. అది మూడేళ్ల కిందట చేయాల్సిన ఫోను.

బాన్సువాడలో డిగ్రీ అయిపోయాక ఇక్కడే ఒక వరి విత్తనాల కంపెనీలో చేరాను. పెళ్లయ్యాక, పాప పుట్టాక కూడా అదే పని. రైతుల దగ్గర నుంచి వచ్చిన విత్తనంలో గింజలు తీసి, తడి కాగితాల్లో చుట్టి పెట్టి, ఎన్ని మొలిచాయో చూడాలి. బాగా మొలిస్తేనే ఆ బస్తాలు బయటికి వెళ్తాయి. చూడటానికి చిన్న పనే. కానీ ఒక రైతు మడిలో చల్లిన విత్తనం మొలవకపోతే ఆ కారు పంట మొత్తం పోయినట్టే. నా భర్త వాళ్లది వరీ చెరుకూ పండించే ఇల్లే కాబట్టి ఆ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అప్పుడు పాపకు ఇంకా ఏడాది నిండలేదు. ఒకరోజు గోదాములో వాన నీరు కారి కొన్ని బస్తాలు చెమ్మగిల్లాయి. అనుమానం వచ్చి ఆ గింజలు మళ్లీ పెట్టి చూశాను. సగం కూడా మొలవలేదు. సంగతి తెలిసేసరికి అవే బస్తాలు లారీలోకి ఎక్కుతున్నాయి. మేనేజరు పెళ్లికి వెళ్లాడు, ఫోను కలవడం లేదు. పరుగెత్తుకెళ్లి లోడింగ్ ఆపమన్నాను. దెగ్లూరు వైపు నుంచి వచ్చిన లారీ డ్రైవరు మరాఠీలో ఏవేవో తిట్టాడు. అర్థం కాకపోవడమే మంచిదైంది.

హమాలీ పెద్దాయన బస్తా దించి నడుం పట్టుకున్నాడు. "అక్కా, రేపు సార్ అడిగితే ఎవలు ఆపిన్రని చెప్పాలె?"

"సారే ఆపమన్నడని చెప్పున్రి."

"సార్ పెండ్లిల బగారన్నం తింటుండు గదనే!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తెల్లారి కంపెనీ డైరెక్టరు మేడం హైదరాబాదు నుంచి వచ్చారు. విత్తనం ఆరబెట్టే కొత్త మిషను చూడటానికి వచ్చి, పక్కన పెట్టిన బస్తాలు చూసి ఇవి ఎవరు ఆపారని అడిగారు. "మేనేజర్ సార్ ఆపమన్నారు మేడం" అన్నాను, వెనకాముందూ చూడకుండా.

మేనేజరు పక్కనే ఉన్నాడు. పాపం, ఆయనకు అబద్ధం చేతకాదు. "నేనా? నేనెప్పుడు చెప్పిన? మా అక్క బిడ్డ పెండ్లిల ఉంటి మేడం!"

మేడం పెద్దగా నవ్వేశారు. తర్వాత నన్ను ల్యాబులోకి తీసుకెళ్లి, నా స్టూలు మీద తను కూర్చుని, మొలకల ట్రేలు ఒక్కొక్కటే చూపించమన్నారు. అన్నీ విన్నాక అడిగారు, "ఆపింది నువ్వు. కరెక్టు పని. మరి ఆయన పేరు ఎందుకు చెప్పావు?"

 తప్పయితే భయపడాలి. ఒప్పయినప్పుడు కూడా ఎందుకు వేరే వాళ్ల వెనక నిలబడ్డాను?

"నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను" అన్నారామె. "మీటింగులో నా ఆలోచనను పక్కవాళ్లతో చెప్పించేదాన్ని. అది బాగుందంటే సంతోషపడేదాన్ని, కానీ అది నాదని ఎవరికీ తెలిసేది కాదు. నాయకత్వం అంటే గొంతు పెద్దది చేయడం కాదమ్మా. నిర్ణయం తీసుకున్నాక ఇది నాది అని నీ నోటితో చెప్పడం. మంచైనా చెడైనా సరే. అది వస్తే మిగతాది నేర్చుకోవచ్చు."

కాలేజీ రోజుల్లో మోటివేషన్ క్లాసులు చాలానే విన్నాను. హాలు దాటగానే మర్చిపోయేదాన్ని. ఇది అలా కాదు. నేను చేసిన పనిని నా ముందే పెట్టి చూపించారు. ఆ సాయంత్రం ఆటోలో ఇంటికి వస్తుంటే, చదువుకున్న చదువుకు ఒక దారి ఉందని మొదటిసారి అనిపించింది. జీతం కోసం చేసే పని కాస్తా నా పని అయింది. మరుసటి రోజు నుంచి ట్రేల మీద ఫలితం రాసి, కింద నా పేరు రాయడం మొదలుపెట్టాను. అంతకుముందు తారీఖు మాత్రమే రాసేదాన్ని.

రెండు నెలల తర్వాత మేడమే ఫోను చేశారు. దగ్గర్లోని వర్నిలో కొత్త యూనిట్ పెడుతున్నారు, ల్యాబు, గోదాము రెండూ చూసుకునే ఇన్‌చార్జి కావాలి. "నాకు నువ్వు గుర్తొచ్చావు. పాప చిన్నది, తెలుసు. ఆలోచించుకో. ఆదివారం లోపల ఫోను చెయ్యి. అవునన్నా కాదన్నా నాకు ఇష్టమే" అన్నారు.

అవుననే అనుకున్నాను. నా భర్తకూ ఇష్టమే. అత్తమ్మ పాపను చూసుకుంటానంది. "పాలు మరుస్తదా పోరి? రెండు దినాలు ఏడుస్తది, మూడో దినం నిన్నే మరుస్తది పో" అని వేళాకోళం కూడా చేసింది. ఆ మాటకు నాలుగు రోజులు నిద్ర లేదు నాకు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఇంటి తరఫున బయటివాళ్లతో మాట్లాడాల్సింది ఏదైనా బావే మాట్లాడతాడు. బావ అంటే నా భర్తకు అన్న. చక్కెర ఫ్యాక్టరీ వాళ్లను చెరుకు కొట్టే వంతు అడగాలన్నా, పొలం కౌలుకివ్వాలన్నా, సంబంధం ఖాయం చేయాలన్నా ఆయన నోటి మీదుగానే వెళ్తుంది. పెద్దవాళ్లతో చెప్పిస్తే అవతలివాళ్లకు మర్యాద, మన మాటకు బరువు. ఇక్కడ చాలా ఇళ్లలో ఇంతే. అందులో నాకెప్పుడూ తప్పు కనిపించలేదు.

ఆదివారం పాపకు జ్వరం వచ్చింది. భుజం మీద వేసుకుని తిరుగుతున్నాను. మేడంకు ఏం చెప్పాలో మనసులో అనుకుంటూనే ఉన్నాను, కానీ చెయ్యి ఖాళీ లేదు. నా భర్త అన్నాడు, "అన్నతోని చెప్పిద్దాం తీ. ఆయనైతే మంచిగ మాట్లాడుతడు."

నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఆ సంగతే ఇప్పుడు ఎక్కువ బాధిస్తుంది. వద్దు అని అనాలని కూడా తోచలేదు.

బావ తెల్ల అంగీ వేసుకుని వచ్చాడు, ఫోనులో మాట్లాడటానికి! నా ఫోనే తీసుకుని స్పీకరు పెట్టాడు. "నమస్తే మేడం. నేను మా పిల్లకు బావనైత. మా ఇంట్ల అందరం ఒప్పుకున్నం మేడం, మా పిల్ల చేస్తది. గాని పొద్దుగూకకముందే ఇంటికొచ్చెటట్టు జర చూడున్రి. చంటిపిల్ల ఉన్నది."

మేడం అంతా విన్నారు. "అమ్మాయి అక్కడ ఉందా అండీ?"

"గీడనే ఉన్నది మేడం."

"ఒక్కసారి ఇవ్వండి."

బావ ఫోను నా ముందు పట్టాడు. పాప ఏడుస్తోంది. ఇంట్లో అందరూ నా వైపే చూస్తున్నారు. ఆయన అంత పద్ధతిగా చెప్పాక అదే మాట మళ్లీ చెబితే ఆయన్ను తక్కువ చేసినట్టవుతుందేమో అనిపించింది.

"బావ చెప్పిండు కదా మేడం" అన్నాను.

"సరేనమ్మా. పాప జాగ్రత్త" అన్నారు. అంతే.

వర్నికి వేరే అబ్బాయిని వేశారు. నాకంటే వెనక చేరినవాడు, మంచివాడే. మేడం తర్వాత ఒకసారి వచ్చారు, పాప నడుస్తోందా అని అడిగారు, వర్ని మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండు, ఒక మాట చెప్పుకునేదాన్ని. ఆ మరుసటి ఏడు ఆమె కంపెనీ వదిలి వెళ్లిపోయారు. బావ మాత్రం వచ్చినవాళ్లందరితో ఇప్పటికీ అంటాడు, "హైదరాబాద్ మేడంతోని నేనే మాట్లాడిన. గా పోరగానికి ఎవలో సిఫారసు ఉండె, లేకుంటే మనకే రావాలె." ప్రేమతోనే అంటాడు. మేడంకు కావాల్సింది నా నోటి మాట అన్న నిజం చెప్పి ఆయన్ను బాధపెట్టలేను.

ఈ నెల వర్ని ఇన్‌చార్జి మానేశాడు. అందుకే నిన్న మధ్యాహ్నం ల్యాబు తలుపు వేసుకుని, కొత్త డైరెక్టరుకు నేనే ఫోను చేశాను.  ఆ పని నేను చేస్తానని పూర్తిగా చెప్పాను. ఆయన మర్యాదగా విన్నారు. "ఇప్పుడు యూనిట్ పెద్దదైపోయిందమ్మా. ఇంతకుముందు ఇన్‌చార్జిగా చేసినవాళ్లే కావాలి" అన్నారు.

ఆ రోజు వెళ్లి ఉంటే, ఇప్పటికి మూడేళ్లు చేసినదాన్ని అయ్యేదాన్ని.

నిన్న రాత్రి అన్నం దగ్గర నా భర్త ఈ ఫోను సంగతి బయటపెట్టాడు. బావ ముద్ద చేతిలోనే పట్టుకుని నా వైపు చూశాడు. "గదేంది? నాకు చెప్తే నేను మాట్లాడకపోదునా?"

"లేదు బావా. నేనే మాట్లాడిన."

"మరేమన్నరు?"

"కాదన్నరు."

ఆయన నా పళ్లెంలో కూర అయిపోయిందని గమనించి గిన్నె నా వైపు జరిపాడు.