ఉమ్మడి బోరు, రెండు ఎలక్ట్రాన్లు

హిందూపురం బస్సులో ఎవరో పట్టుగూళ్ల మూటలు వేశారు. ఆ పచ్చి వాసనకు పక్కనున్న ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకున్నారు. నాకు మాత్రం కోపం వచ్చింది. ఆ వాసన తగిలితే చాలు, మా మల్బరీ తోట, దాన్ని పంతానికి ఎండబెట్టిన మా నాయన, ఆయన్ను ముఖం మీదే కడిగేసిన సుగుణ టీచర్ వరుసగా గుర్తొస్తారు. నేనీరోజు పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నానంటే ఆమె పుణ్యమే. ఇంత కోపిష్టిని కావడంలోనూ ఆమె చెయ్యి ఉంది.

సోమందేపల్లి దగ్గర మా ఊరి బడికి ఆమె పెనుకొండ నుంచి వచ్చేవారు. పుస్తకం చదివి వినిపించి చేతులు దులుపుకోవడం ఆమెకు తెలియదు. పదో తరగతిలో రసాయన బంధం పాఠం మొదలుపెట్టిన రోజు నన్నూ, మా చిన్నాయన కూతురు లక్ష్మినీ ముందుకు పిలిచి చెరొక వేరుశనగ గింజ చేతిలో పెట్టారు.

"మీరిద్దరూ హైడ్రోజన్ పరమాణువులు. ఈ గింజే ఎలక్ట్రాన్, ఒక్కొక్కరి దగ్గర ఒకటే ఉండాది. నిలకడగా ఉండాలంటే రెండు కావాల. ఏం చేస్తారు?"

మేమిద్దరం చెరో గోడ వైపు చూశాం. "వాళ్లు మాట్లాడుకోరు మేడమ్, బోరు కొట్లాట!" అని వెనక బెంచీ నవ్వింది.

నాయన, చిన్నాయన చేను పంచుకున్నారు గానీ గట్టు మీద బోరు మాత్రం ఉమ్మడిది. ఒకరోజు మాకు, ఒకరోజు వాళ్లకు నీళ్లు. ఒకరి వంతులో ఇంకొకరు మోటరు వేశారని మాటా మాటా పెరిగింది. నాయన స్టార్టర్ పెట్టెకు తాళం వేశాడు. చిన్నాయన వైరు కోసేశాడు. ఇద్దరూ ఇద్దరే!

టీచర్ మా చేతులు దగ్గరికి లాగి, రెండు గింజలనూ మా అరచేతుల మధ్య పెట్టారు. "ఇప్పుడు ఇవి ఎవురివి? చెరొకటా?"

"కాదు మేడమ్," అంది లక్ష్మి. "రెండూ నావే. రెండూ దానివే."

"అదీ సమయోజనీయ బంధం! ఒకరు ఇచ్చేసింది లేదు, ఒకరు లాక్కునింది లేదు."

నాకు అర్థం కాకముందే దానికి అర్థమైంది. ఎప్పుడూ అంతే. క్లాసులో మొదట ఉండేది అదే.

నెల తిరక్కుండా రెండు తోటలూ ఎండాయి. పట్టుపురుగులకు మేపను ఆకు లేదు. ఇల్లు గడవడం లేదని చిన్నాయన లక్ష్మిని బడి మాన్పించి హిందూపురం గార్మెంట్స్‌కు పంపుతానన్నాడు. ఆ సాయంత్రమే టీచర్ నన్ను వెంటబెట్టుకుని చేనికి వచ్చి, అన్నదమ్ములిద్దర్నీ బోరు దగ్గరికి పిలిచారు.

"బంధం తెంచాలంటే బలం పెట్టాల అని పిల్లోళ్లకు చెప్తాండా. మీ బలమంతా దానికే పెట్టినారు కదప్పా! తాళం తీయండి, ఆ పిల్ల సదువుకుంటాది."

"టీచరమ్మా, పాఠం బడిలో చెప్పుకోండి," అన్నాడు నాయన. "నా చేను ఎండినా సరే, వానికి సుక్క పోనీను."

"ముందు ఆయప్పను తాళం తీయమనండి, నేను వైరు కలుపుతా," అన్నాడు చిన్నాయన.

"ముందు వాణ్ని వైరు కలపమనండి!"

టీచర్ ముఖం ఎర్రబడింది. "మీకంటే హైడ్రోజన్ మేలు! దానికి మెదడు లేకున్నా బుద్ధి ఉండాది."

అయినా తాళం తీయలేదు, వైరు కలపలేదు. లక్ష్మి ఫ్యాక్టరీ బస్సెక్కింది. ఆంబోతుల కొట్లాటలో లేగదూడలు నలిగినట్టు నలిగింది. నాయన ఇప్పటికీ "సుక్క పోనియ్యలేదు" అని గొప్పగా చెప్పుకుంటాడు. ఆ మాట మొదలైతే నేను లేచి బయటికి పోతాను. క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు.

పది ఫలితాల్లో బడికి నేనే ఫస్టు. నాయన మిఠాయి డబ్బాతో నన్ను టీచర్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె డబ్బా ముట్టలేదు. నాయన వింటుండగానే నాతో అన్నారు:

"ఫస్టు వచ్చినావు, సంతోషం. లక్ష్మి ఉండింటే సెకండు వచ్చేదానివి."

ఆ రోజు ఏడుస్తూ ఇంటికి వచ్చాను. ఆమె అన్నది నిజమని ఏడుస్తూనే ఒప్పుకున్నాను. అప్పట్నుంచి నన్నెవరైనా ఫస్టు అని పొగిడితే ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు నా క్లాసులో ఏ ఆడపిల్ల అయినా రావడం మానేస్తే వాళ్లింటికి పోతాను. మర్యాదగా మాట్లాడాలనే బయలుదేరతాను. నా మర్యాద వాళ్ల గడప దాటదు. తిట్లు తిన్నాక కొందరు పిల్లను పంపారు. పంపనివాళ్ల ఇంటికి మళ్లీ పోతున్నాను. రేపు పక్క ఊళ్లో ఒక నాయన నా చేత తిట్లు తినబోతున్నాడు.