డ్రైవర్ అన్నకు విస్తరి

గోదావరిఖనిలో క్వార్టర్ ఖాళీ చేసిన రోజున నా భార్య ఇల్లంతా కడిగి, గడపకు పసుపు రాసి, తాళంచెవి నా చేతిలో పెట్టింది. పోయే ఇంటికి పసుపెందుకని నేను అడగలేదు. బొగ్గు గనిలో డంపర్ నడిపినన్నాళ్లూ ఆ రెండు గదులు మావే అనుకుని బతికాం. రిటైర్ అయ్యాక కంపెనీ ఇల్లు కంపెనీకి అప్పజెప్పక తప్పదు.

కరీంనగర్ శివారులో మేము కట్టుకుంటున్న ఇంటికి అప్పటికి గోడలు, స్లాబు మాత్రమే అయ్యాయి. తలుపులు లేవు, నల్లా లేదు. మేస్త్రి ఇంకో పని ఒప్పుకొని వెళ్లిపోయాడు. ఇల్లు పూర్తయ్యేదాకా కిరాయికి ఏదైనా చూద్దామంది ఆమె. నాకు వేరే ఆలోచన పుట్టింది. ఒక పాత వ్యాను కొన్నాను. వెల్డింగ్ దుకాణం నడిపే స్నేహితుడు వెనక సీట్లు పీకేసి ఇనుప మంచం, గ్యాసు పొయ్యికి అర బిగించాడు. టాపు మీద నీళ్ల డ్రమ్ము కట్టాం.

"ఫోన్ల చూస్తలేవా, ఎంతమంది గిట్ల తిరుగుతుండ్రో. నెల రోజులు అడవులు, చెరువులు చూసుకుంట పోదాం. మనం వచ్చేవరకు ఇల్లు తయారైతది" అన్నాను.

"ఇల్లు ఉండి తిరిగితే టూరు అంటరు. లేక తిరిగితే ఏమంటరు?" అంది ఆమె.

నేను నవ్వేసి ఊరుకున్నాను. నెలలో ఇల్లు తయారు కాదని నాకు తెలుసు. ఉగాది దాకా రాలేనని మేస్త్రి ముందే చెప్పాడు. ఆ మాట మాత్రం ఆమెకు చెప్పలేదు.

కార్తీక మాసంలో బయల్దేరాం. జగిత్యాల దాటాక ఒక చెరువుగట్టు పార్కులో, ఆ తర్వాత ఒక గుడి వెనక మైదానంలో ఆగాం. నాకు బాగానే ఉండేది. దుమ్ము, సైరన్లు, షిఫ్టులు ఏమీ లేవు. చాయ్ తాగుతూ పొద్దు పొడవడం చూడటమంటే నాకు పండుగే. ఆమెకు తెల్లారితే పరేషాన్. పెట్రోలు బంకు ఎంత దూరమో, అక్కడ ఆడవాళ్ల బాత్రూముకు తాళం ఉందో లేదో, అదే ఆలోచన. దారిన పోయేవాళ్లు వ్యానులోకి తొంగి చూస్తారని కిటికీలకు తన పాత చీరలు చింపి తెరలు కట్టింది. ఒకరోజు ఆమె చెల్లెలు ఫోను చేసింది. "ఇంట్లనే ఉన్నమే. మీ బావ చాయ్ తాగుతుండు" అని నా భార్య చెప్పింది. చాయ్ తాగుతున్న మాట నిజమే. నేను విననట్టు గ్లాసు కడుక్కున్నాను.

ఖానాపూర్ దాటాక అడవి అంచున ఒక పార్కు ఉంది. పిల్లల ఊయలలు తుప్పు పట్టాయి, జనం రారు, చెట్లు మాత్రం చక్కగా పెరిగాయి. అక్కడి వాచ్‌మన్ మంచివాడు. "గేటు లోపల పెట్టుకోండ్రి, ఎవ్వరేమనరు" అన్నాడు. అక్కడ ఆమె మొదటిసారి కొంచెం కుదుటపడింది. వ్యాను డోరుకూ వేపచెట్టుకూ తాడు కట్టి బట్టలు ఆరేసింది. నెమలి అరిస్తే పిండి చేతులతోనే బయటికి వచ్చి వెతికింది. ఇక ఫికర్ లేదనుకున్నాను.

ఆదివారం పొద్దున నేను లుంగీ, బనియన్ మీద బోరింగ్ దగ్గరికి నీళ్లకు పోయాను. రెండు బకెట్లు మోసుకుని తిరిగి వచ్చేసరికి పార్కులో నాలుగు కార్లు ఆగి ఉన్నాయి. నిర్మల్ నుంచి వనభోజనాలకు వచ్చినవాళ్లు. ఆడవాళ్లు పట్టుచీరల్లో ఉన్నారు. ఉసిరిచెట్టు కింద జంపఖానాలు పరుస్తున్నారు. వాళ్లలో ఇద్దరు మా వ్యాను దగ్గర నిలబడి నా భార్యతో మాట్లాడుతున్నారు. ఆమె అప్పుడే తలస్నానం చేసి, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని ఉంది. తాడు మీద మా బట్టలన్నీ ఎండలో కనబడుతున్నాయి, నా చిరుగుల బనియన్లతో సహా.

"గీ బండ్లనే ఉంటుండ్రా అక్కా?" అని ఒకామె అడిగింది. గొంతులో ఎక్కడా హేళన లేదు. జాలి ఉంది.

"అయ్యో, లేదమ్మా. గుళ్లు తిరుగుదామని వచ్చిన. మొక్కు ఉండె."

"ఒక్కదానివే వచ్చినవా?"

అప్పుడు నేను వాళ్లకు పది అడుగుల దూరంలో ఉన్నాను. నా భార్య నా వైపు చూసింది. బకెట్లు, లుంగీ, తడిసిన కాళ్లు, అన్నీ చూసింది.

"మా ఆయనకు పానం బాగలేక రాలే. ఈయన డ్రైవర్" అంది.

బకెట్లు ఎక్కడ దించాలో నాకు తోచలేదు. ముప్పై ఏండ్లు నేను చేసింది ఆ పనే. ఎవరైనా డ్రైవరన్నా అని పిలిస్తే సంతోషంగా పలికేవాడిని. ఆ పొద్దున మాత్రం చెవుల దాకా వేడెక్కింది. ఏం చేయాలో తెలియక, "ఈడ పెట్టాల్నా అమ్మా?" అని అడిగాను.

ఆమె తల దించుకుని, "పెట్టు" అంది.

ఆ తర్వాత అంతా దానంతటదే సాగింది. వాళ్లు ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఉసిరిచెట్టు కింద కూర్చోబెట్టారు. కుంకుమ పెట్టారు, తలలో పూలు తురిమారు. నేను చొక్కా తొడుక్కుని వ్యాను మెట్టు మీద కూర్చున్నాను. పన్నెండు దాటాక విస్తళ్లు వేశారు. "డ్రైవర్ అన్నకు గూడ పెట్టుండ్రి" అని ఎవరో అన్నారు. ఒకామె విస్తరిలో పులిహోర, గారెలు, వంకాయ కూర పెట్టి నా దగ్గరికే తెచ్చింది. అందరూ బంతిలో కూర్చున్నారు, నేను విడిగా మెట్టు మీద. వాళ్ల తప్పేమీ లేదు. డ్రైవర్లు అట్లాగే తింటారు. మా కాలనీలో పెద్ద సార్ల ఇండ్లలో పెండ్లిళ్లు అయినప్పుడు కార్ల దగ్గర కూర్చుని తినే డ్రైవర్లను నేనూ చూశాను. అప్పుడు నాకేమీ అనిపించలేదు.

వాళ్లలో ఒక పెద్దాయన పుల్లతో పండ్లు కుట్టుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"అమ్మ మంచిగ చూసుకుంటదా?"

"చూసుకుంటది" అన్నాను.

"మంచోళ్ల దగ్గర పని దొరకాలె. అదృష్టం ఉండాలె దానికి."

తల ఊపాను. మిగిలిన గారె విస్తరిలోనే పెట్టి మడిచాను.

అందరూ ఫొటో దిగుతామంటే ఫోను నాకే ఇచ్చారు. తెర మీద నా భార్య మధ్యలో ఉంది, కనకాంబరాలు పెట్టుకుని నవ్వుతూ. బయల్దేరినప్పటినుంచి ఆమె అట్లా నవ్వలేదు. ఆ నవ్వుకు నేను అక్కడ లేకపోవడమే కారణమని తెలుస్తూనే ఉంది. నొక్కాల్సిన చోట నొక్కి ఫోను ఇచ్చేశాను.

సాయంత్రానికి ఇచ్చోడ చేరాలని మా ఆలోచన. ఆ మాట విని వాళ్లలో ఒక ముసలామెను మాతో పంపించారు. ఆమె బిడ్డ ఇల్లు ఇచ్చోడలోనే. కాదనడానికి మాకు నోరు రాలేదు. ముసలామెకు వాంతులవుతాయని ముందు సీట్లో, నా పక్కన కూర్చోబెట్టారు. నా భార్య వెనక మంచం మీద కూర్చుంది. ఉట్నూరు వైపు అడవి దారి, మలుపుల మీద మలుపులు. ముసలామె వెనక్కి తిరిగి ఒకసారి లోపలంతా చూసింది, మళ్లీ ముందుకు తిరిగింది.

సగం దూరం పోయాక, ఎప్పటి అలవాటుతోనే, వెనకనుంచి నా భార్య గొంతు వినిపించింది.

"బీపీ గోలి ఏసుకున్నవా లేదా?"

"మర్చిపోయిన" అన్నాను.

"దినాం మర్చిపోతవు. నేను లేకుంటే ఏం జేస్తవో" అని, సీసా మూత తిప్పి, గోలీ నా భుజం మీదుగా అందించింది. చెయ్యి చాపాక ఆమెకు గుర్తొచ్చినట్టుంది. ఆ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. నేను గోలీ తీసుకుని నోట్లో వేసుకున్నాను. ముసలామె ఒళ్లోని సంచి సర్దుకుంటూ రోడ్డు వైపే చూస్తోంది.

ఇచ్చోడలో ముసలామె తన బిడ్డ ఇంటి ముందు దిగింది. నా భార్య దిగి సంచి అందించింది. ముసలామె ఆమె గదువ పట్టుకుని, "మొగడు నెత్తి మీదికెళ్లి బొగ్గు దులుపుకొని వచ్చిండో, పేడ దులుపుకొని వచ్చిండో, మొగడే బిడ్డా. నిన్ను ఏమంటలేను. నాకు గూడ ఒకపాలి గట్లనే అయ్యింది" అంది. నేను బొగ్గు గనిలో పని చేసినట్టు ఆమెకు ఎట్లా తెలిసిందో. నా ముంజేతుల మీది నల్లటి మచ్చలు చూసి ఉంటుంది. ఇంకేమీ అనకుండా లోపలికి పోయింది.

ఊరి చివర రోడ్డు పక్కన వ్యాను ఆపాను. నా భార్య వెనకే కూర్చుంది. అక్కడినుంచే అంది.

"అందరు ఇండ్లకెళ్లి వచ్చిండ్రు. మాటలల్ల అందరు మా ఇల్లు, మా వాకిలి అంటుండ్రు. నేను యాడికెళ్లి వచ్చిన్నని చెప్పాలె? నువ్వు గా బకెట్లు పట్టుకొని వస్తుంటే నాకు సిగ్గనిపించింది. నోట్లకెళ్లి అదే వచ్చింది."

నేను స్టీరింగ్ మీదే చేతులు పెట్టుకుని ఉన్నాను. నాకు కోపం రావాలి. రాలేదు.

"మేస్త్రి ఉగాది దాకా రాడు. నాకు ముందే చెప్పిండు. నీకు చెప్పలే" అన్నాను.

నేను అద్దంలోకి చూశాను. తలలోని పూలు ఒక్కొక్కటీ తీసి కొంగులో వేసుకుంటోంది.

"అయితే ఎనుకకు పోదాం" అంది చివరికి.

"తలుపులు లేవు గదా."

"చీరలు కడదాం. గోడలైతే మనయే గదా."

అక్కడినుంచి ఆదిలాబాద్, ఆసిఫాబాద్ చూపిస్తానని నేను చెప్పి ఉన్నాను. ఆ రెండు పేర్లూ మా మధ్య మళ్లీ రాలేదు. బండి తిప్పాను. మరునాడు మధ్యాహ్నానికి కరీంనగర్ చేరి, సిమెంటు బస్తాలు పక్కకు జరిపి ఒక గదిలో పక్కలు పరుచుకున్నాం. ఆ చలికాలమంతా పక్కింటి బోరు నీళ్లే తెచ్చుకున్నాం. ఉగాదికి మేస్త్రి వచ్చాడు, ఆ తర్వాత తలుపులూ వచ్చాయి. గృహప్రవేశం రోజున ఆమె చుట్టాలకు అడవి గురించి, నెమళ్ల గురించి బాగా చెప్పింది. వనభోజనాల సంగతి ఇద్దరం ఎత్తలేదు.

ఇప్పుడు మేమిద్దరం సంతకు పోయినా, దవాఖానకు పోయినా, కొత్తవాళ్లు ఎవరైనా నన్ను చూపించి ఆమెను ఏదైనా అడగబోతే నేను తొందరపడతాను. ఆమె నోరు తెరవకముందే, "నేను ఈమె పెనిమిటిని" అని చెప్పేస్తాను. అడిగినవాళ్లు కొంచెం వింతగా చూస్తారు. ఆమె మాత్రం చేతిలోని సంచిలోకి చూస్తూ నిలబడుతుంది.