ఏ కలవడం?

సుభాషిణి పోయిన రోజు బందరులో ఒక పెద్దమనిషి "బూతుల డాక్టరమ్మ పోయిందటగా" అన్నాడు. చెప్పు తీద్దామనుకున్నాను. శవం ఇంకా ఇంట్లోనే ఉందని ఊరుకున్నాను.

ఈడేపల్లిలో మాది పక్కపక్క ఇళ్లు. నేను బళ్లో తెలుగు టీచర్ని, తను గుడివాడ కాలేజీలో సైకాలజీ చెప్పేది. తొంభైల మొదట్లో డాక్టరేటు కోసం ఆలుమగల పడకగది సంగతుల మీద పరిశోధన మొదలెట్టింది. ఇంకేముంది! "నీకు వేరే సబ్జెక్టే దొరకలేదటే?" అని వాళ్ల నాన్న వెంకటసుబ్రహ్మణ్యం గారు మాట్లాడటం మానేశారు. వస్తున్న సంబంధాలూ ఆగిపోయాయి. ఆమె మాత్రం బస్సులు పట్టుకుని పామిడిముక్కల, గూడూరు, అవనిగడ్డ తిరిగేది. బియ్యం ఏరుకుంటున్న ఆడవాళ్ల పక్కన చతికిలబడి కబుర్లు చెప్పించేది.

చిక్కల్లా మాటతోనే వచ్చింది. "మన భాషలో ఆ పనికి రెండే మాటలున్నాయే సీతా. ఒకటి బూతు, రెండోది సంస్కృతం. ఎలా అడగను?" అని తల పట్టుకునేది. చివరికి అందరూ వాడే మర్యాద మాటే ఎంచుకుంది. "మీరిద్దరూ కలిసి ఉంటున్నారా అమ్మా?" అని అడిగేది. అందరూ ఉంటున్నామనే చెప్పారు. డెల్టాలో కాపురాలు సలక్షణంగా ఉన్నాయని రాసింది. డాక్టరేటు వచ్చింది.

తర్వాత సాయంత్రాలు బందరులో దంపతులకు సలహాలు చెప్పేది. పెళ్లయి మూడేళ్లయినా కడుపు పండలేదని గూడూరు పిల్ల పూర్ణిమను అత్తగారు అక్కడికే లాక్కొచ్చింది. సుభాషిణి అదే ప్రశ్న అడిగింది. "ఉంటున్నామండీ" అంది పిల్ల. సరే, లోపం ఈ పిల్లలోనే అని అత్తింటివాళ్లు అనుకున్నారు. గొడ్రాలని పేరుపెట్టి పుట్టింటికి తోలేశారు. మొగుడు బాబూరావు ఇంకో పెళ్లి చేసుకున్నాడు.

ఆ రెండో పెళ్లాం ఒంటరిగా వచ్చింది. సుభాషిణి మామూలుగా అడిగింది. ఆ అమ్మాయి సూటిగా చూసి "ఏ కలవడం మేడం?" అని తిరిగి అడిగింది. ఆయన తనను ముట్టుకోనే లేదని చెప్పింది.

సుభాషిణి మర్నాడే గూడూరు పరుగెత్తింది, నన్ను తోడు తీసుకుని. "మరి కలిసే ఉంటున్నామన్నావు కదమ్మా?"

"ఉన్నాంగా మేడం. ఒకే గది, ఒకే మంచం" అంది పూర్ణిమ. పెళ్లయితే అన్నీ అవే తెలుస్తాయని తల్లి చెప్పి పంపిందట. అంతకుమించి ఆ పిల్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

సుభాషిణి కుళ్లికుళ్లి ఏడ్చింది. తన థీసిస్ తప్పని యూనివర్సిటీకి చెబితే, వచ్చిన డాక్టరేటు ఎవరైనా కాదంటారా అని నవ్వారు. పూర్ణిమకు మాత్రం ఒక్కటే కావాలి. "వచ్చే వారం మా మరదలి సీమంతం. పేరంటాళ్ల కంటపడకుండా నన్ను వెనకగదిలో కూర్చోబెడతారు. నా ఒంట్లో లోపం లేదని మా అమ్మతో చెప్పండి మేడం. బయటికొచ్చి దానికి గాజులు తొడుగుతాను."

సీమంతం రోజు ఇద్దరం వెళ్లాం. పూర్ణిమ తల్లి సూర్యకుమారిని పక్కకు పిలిస్తే, పేరంటాళ్లను వదిలి రానంది. సుభాషిణి అక్కడే నెమ్మదిగా అంది: "పూర్ణిమకు దాంపత్యసుఖం లేదమ్మా."

"ఉంటే ఇక్కడెందుకుంటుందండీ!"

"అది కాదండీ. వాళ్లిద్దరూ అసలు కలవనే లేదు."

"మనసులు కలవలేదనే కదండీ మేమూ ఏడుస్తున్నది."

పాపం, సుభాషిణి ముఖం ఎర్రబడింది. గట్టిగా గాలి పీల్చుకుని, అందరికీ అర్థమయ్యే ఆ పచ్చి మాటే అనేసింది. ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. రామరామ అన్నారు. ఎవరో పెద్దావిడ ఆమె రెక్క పట్టుకుని గుమ్మం వైపు ఈడ్చింది.

అప్పుడు వెనకగదిలోంచి పూర్ణిమ వచ్చింది. "నిజమేనమ్మా. ఆవిడ చెప్పింది నిజమే" అంది.

తల్లి ఆ పిల్ల చెంప ఛెళ్లుమనిపించింది. "నోర్ముయ్! గొడ్రాలంటే నీ రాత అనుకుని పడ్డాను. ఇప్పుడు బరితెగించిందంటారే! అది నేను మోయలేను."

పూర్ణిమ మరదలి వైపు ఒకసారి చూసింది. ఎవరూ పొమ్మనకుండానే వెనకగదిలోకి వెళ్లి, లోపల గడియ పెట్టుకుంది.