పరదేశి ఫార్వర్డ్, నా సంతకం

తొంభైల మొదట్లో పాశమైలారంలోని మా మందుల కంపెనీకి ఒక ఫుట్‌బాల్ టీము ఉండేది. నేను కెప్టెన్‌ని. ఉద్యోగంలో మాత్రం టెంపరరీని, డ్రమ్ములు దొర్లించేవాణ్ణి. ఏటా కంపెనీల పోటీల్లో పక్క కంపెనీ చేతిలో ఓడిపోయేవాళ్లం. మా మేనేజరుకు అది తల కొట్టేసినట్టుండేది.

ఒక ఏడు ఆయన నైజీరియా ఆటగాణ్ణి ఒకతన్ని పట్టుకొచ్చాడు. తన దేశంలో మంచి క్లబ్బుకు ఆడి, కలకత్తా క్లబ్బుల్లో చేరదామని వచ్చి, అక్కడ చోటు దొరక్క ఇటు కొట్టుకొచ్చిన మనిషి. పోటీల్లో కంపెనీ మనుషులే ఆడాలి. అందుకని హాజరు పుస్తకంలో అతన్ని హెల్పరుగా రాశారు. దెబ్బ తగిలితే వైద్యం కంపెనీదేనని మేనేజరు మా అందరి ముందూ మాటిచ్చాడు. అతను కాంటీన్లో మా పచ్చిపులుసు కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంటూనే మళ్లీ పోయించుకునేవాడు. వచ్చే సీజనుకు కలకత్తా పోతానని రోజూ అనేవాడు.

ఫైనల్లో మూడు గోల్స్ కొట్టాడు. నాలుగోదానికి ఉరుకుతుంటే అవతలి టీము బ్యాకు ఆటగాడు అతని మోకాలి మీద తన్నాడు. కప్పు మాకొచ్చింది. నెలలోపు ఆపరేషన్ చెయ్యకపోతే ఇక ఆడలేడని డాక్టరు చెప్పాడు.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. సోమవారం పర్సనల్ ఆఫీసరు నన్ను పిలిచి తెలుగులో రాసిన ఒక కాగితం ముందు పెట్టాడు. ఇతను కంపెనీ మనిషి కాడు, నేను పిలిస్తే నా దోస్తుగా వచ్చి ఆడాడు అని అందులో ఉంది. హాజరు పుస్తకంలో అతని పేరున్న పేజీలు అప్పటికే చింపేశారు.

"ఆపరేషన్ కంపెనీ నెత్తి మీద పడ్తది. జెర సంతకం పెట్టు. నీ పర్మినెంట్ ఆర్డర్ గూడ గీ టేబుల్ మీదనే ఉన్నది" అన్నాడు.

చెయ్యి వణికిందని రాసుకుంటే బాగుండేది. వణకలేదు. శుభ్రంగా తెలుగులో సంతకం పెట్టాను.

వారం తర్వాత అతను కర్ర పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు, ఆ కాగితం నకలు చేతిలో పెట్టాడు. షిఫ్టు దిగి వస్తున్న నన్ను చూసి అతని ముఖం విప్పారింది.

"భాయ్, ఇస్ మే క్యా లిఖా హై?" అని, అందులో ఏం రాసుందో కలకత్తాలో నేర్చిన హిందీలో అడిగాడు.

ఆపరేషన్ ఖర్చుకు కంపెనీ ఒప్పుకోవడం లేదని హిందీలోనే చెప్పాను. కింద సంతకం మీద వేలు పెట్టి, ఇదెవరిదని అడిగాడు. ఆఫీసరుదన్నాను. అతను ఆఫీసరును వాళ్ల భాషలో తిట్టి, నా భుజం మీద బరువు మోపి బస్సు దాకా నడిచాడు.