మా ఇంటి తలుపు, మా అత్త గడప

నాకొక జబ్బు ఉంది. ఏదైనా వదులైందని తెలిస్తే ఒకచోట కూర్చోలేను. గిన్నె పిడి ఊగినా, కిటికీ గొళ్లెం జారినా, ఎవరి జాకెట్ గుండీ అయినా ఒంటి దారం మీద వేలాడుతున్నా, దాన్ని సరిచేసేదాకా ప్రాణం కుదుటపడదు. అలాంటిదాన్ని, దాదాపు రెండేళ్లు ఒక తలుపుతోనూ, ఆ తలుపు వంకతో మా అత్తతోనూ పోట్లాడాను. ఆ పోట్లాటలో నెగ్గాలన్న తొందరలో ఆమెను పూర్తిగా మంచాన పడేసేదాన్నే. ఇప్పటికీ పొద్దున్నే తలుపు తీసేటప్పుడు ఆ సంగతే గుర్తొస్తుంది.

మాది దేవరకొండ వైపు ఒక ఊరు. మా ఆయన బస్సు డ్రైవర్. ఒకరోజు ఇంట్లో ఉంటే రెండు రోజులు రోడ్డు మీద ఉంటాడు. అందుకని ఇంట్లో ఏది చెడినా నేనే చూసుకోవాలి. నేను బట్టలు కుడతాను. మిషన్ సొరుగులో స్క్రూడ్రైవరూ నూనె డబ్బా ఎప్పుడూ ఉంటాయి కాబట్టి, ఇంట్లో ఉన్న స్క్రూలన్నింటి మీదా నాదే పెత్తనం. మిషన్ వేసుకున్నది ముందు తలుపు పక్కన, వెలుతురు కోసం. ఆ తలుపు బార్లా తెరిచి ఉంటేనే నాకు సూదిలో దారం ఎక్కుతుంది.

తలుపు వేపచెక్కది. ఒంటి రెక్క, బాగా బరువు. కింద జానెడు ఎత్తు గడప. ఇల్లు మా మామ కట్టించాడు గానీ గడప మాత్రం మా అత్తది. వంట నాకిచ్చింది, బియ్యం డబ్బా నాకిచ్చింది, బీరువా తాళంచెవి కూడా ఇచ్చింది. గడప పని ఇవ్వలేదు. తెల్లారకముందే లేచి తలుపు తీసి, వాకిలి ఊడ్చి, పేడనీళ్ల సాంపి చల్లి, ముగ్గేసి, గడప కడిగి పసుపు రాసి బొట్లు పెట్టేది. శుక్రవారమైతే గడపకు బిందెడు నీళ్లు. ఎవరైనా గడప తొక్కితే ఊరుకునేది కాదు. అది లక్ష్మి కూర్చునే చోటు అనేది. పెళ్లయి వచ్చిన కొత్తలో ఒకసారి నేను మర్చిపోయి దాని మీద కాలు మోపాను. పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, నన్ను వెనక్కి పిలిచి, గడపకు దండం పెట్టించి, మళ్లీ దాటించింది.

అప్పటికి ఆమెకు డెబ్బై దగ్గర పడ్డాయి. మా దగ్గర ఆ వయసువాళ్లకు మోకాళ్లు వంగకపోవడం వింతేమీ కాదు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగిన ఊళ్లు మావి. తెలంగాణ వచ్చాక కొన్నాళ్లకు నల్లాల్లో కృష్ణ నీళ్లు వచ్చాయి. కానీ ఎముకల్లోకి పోయింది నల్లా తిప్పితే బయటికి రాదు. వీధిలో సగం మంది కుంటుతారు కాబట్టి, ఎవరు ఎంత కుంటుతున్నారో ఎవరూ పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు. నా ధ్యాసంతా తలుపు మీదే.

మొదట తలుపు కింది మూల నేలకు తగలడం మొదలైంది. మా ఇంట్లో షాబాదు బండలు పరిచారు. తలుపు తీసినప్పుడల్లా గరగరమని ఈడ్చుకుపోయి, బండ మీద కొడవలి ఆకారంలో తెల్లటి గీత పడింది. ఆ చప్పుడుకు నాకు పళ్లు జివ్వుమనేవి. స్టూలెక్కి చూస్తే పై బందు స్క్రూలు సగం బయటికొచ్చి ఉన్నాయి. తలుపును చౌకట్టుకు పట్టి ఉంచే ఇనుప బందులు రెండే, కిందొకటి, పైనొకటి. పైదాన్ని బిగించాను. పది రోజులకు మళ్లీ వదులైంది. ఈసారి స్క్రూల బొక్కల్లోకి అగ్గిపుల్లలు విరిచి దూర్చి, జిగురు పోసి బిగించాను. అది నెల రోజులు ఆగింది. ఆ తర్వాత పొడుగు స్క్రూలు తెచ్చి వేశాను. అవి కూడా ఒక్కొక్కటే తల బయటపెట్టాయి.

నాకు కారణం దొరికిపోయిందనుకున్నాను.

"అత్తమ్మా, నువ్వు బిందెలకు బిందెలు నీళ్లు పోసుడుకే చెక్క నానిపోతాంది" అన్నాను.

"నీళ్లు కడపకు పోస్తున్న. నీ ఇనుపముక్కకు పోస్తలేను" అంది. మా అత్త గడపను కడప అనేది, మా వైపు పాతవాళ్లందరిలాగే.

"మరెందుకు ఊడుతాంది?"

"నువ్వు రోజూ దాన్ని కెలుకుతున్నవ్ గద. పుండును గీకుకుంట కూసుంటె మానుతదా?"

ఆ మాట నాకు మండింది. మర్నాడు అన్నం దగ్గర చెప్పేశాను.

"రేపటి సంది కడప నేను కడుగుత. తడిబట్టతోని తుడిస్తే సరిపోతది. నువ్వు పండుకో."

ఆమె పళ్లెంలో అన్నం సగం వదిలేసి చెయ్యి కడుక్కుంది. మర్నాడు నేను ఐదింటికి లేచేసరికి ముగ్గు ఆరిపోయి ఉంది. ఆ మర్నాడు నాలుగున్నరకు లేచాను. ఆమె అప్పటికే పసుపు రాస్తోంది. వారం తిరిగేసరికి మా వీధిలో కోళ్లకంటే ముందు మేమిద్దరం లేస్తున్నాం. నాకు రోజంతా కళ్లు మంటలు. ఒకామె జాకెట్‌కు ఎడమ చెయ్యి కుడివైపు కుట్టేశాను. మా ఆయన ఇంటికొచ్చిన రోజు సంగతి విని నవ్వాడు.

"మీ ఇద్దరు వచ్చి మా డిపోల చేరుండ్రి. పొద్దుగాల్ల బస్సు ఒక్కనాడు లేటు కాదు" అని, తువ్వాలు ముఖం మీద కప్పుకుని పడుకున్నాడు.

నాకు గడప మీద ఆశ లేదనీ, తలుపు ఊగకపోతే చాలనీ అందరితో అనేదాన్ని. అది పూర్తిగా నిజం కాదు. పద్దెనిమిదేళ్లుగా అదే ఇంట్లో ఉంటూ, ఒక్క పొద్దయినా ముందుగా తలుపు తీసినదాన్ని కాకపోవడం నాకు లోపల గుచ్చుకునేది. తలుపు వదులవడం నాకొక సాకు దొరికినట్టయింది.

చివరికి పక్క వీధిలో వడ్రంగం చేసే వడ్లాయనను పిలిచాను. ఆయన పై బందు బొక్కల్లో వేలు పెట్టి చూశాడు. కిందికి వంగి రెండో బందునూ చూశాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

"అక్కా, నీళ్లకు పోతె కిందిది పోవాలె. నీ కిందిది జర తుప్పు పట్టింది గని గట్టిగనే ఉన్నది. పైది ఊడుతాందంటే, రెక్క కొస పట్టుకొని ఎవరో ఏలాడుతున్నరు. ఇంట్ల చిన్నపిల్లలున్నరా?"

"ఎవ్వరు లేరు. ఒక్కతే బిడ్డ, హాస్టల్ల ఉంటది."

"మరి నాకెరుక లేదు. బరువైతే పడుతాంది."

పై బందు స్క్రూలు పూర్తిగా తీసి, చౌకట్టులో పొడి పొడిగా రాలుతున్న చెక్కనంతా ఉలితో చెక్కేశాడు. ఆ జాగాలో పెట్టడానికి కొత్త ముక్క మర్నాడు కోసుకొస్తానన్నాడు. తలుపు మూసి, పై మూలను సుతిలి తాడుతో చౌకట్టు మేకుకు కట్టాడు.

"నేనొచ్చేదాక దీన్ని ముట్టకుండ్రి. ఎనుక దిక్కు నుంచి తిరుగుండ్రి" అని చెప్పి వెళ్లాడు.

ఆ మాట నేను మా అత్తకు చేరవేసిన తీరు తలచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

"రేపు గీ తలుపు ముట్టకు అత్తమ్మా. ముగ్గూ వద్దు ఏం వద్దు. ఒక్కనాడు కడగకపోతే ఏం కాదు" అన్నాను. రెండేళ్లుగా ఏ గొంతుతో అన్నీ అంటున్నానో అదే గొంతుతో అన్నాను. బందు ఊడదీసి ఉందని చెప్పలేదు, పడతావని చెప్పలేదు. ఆ తలుపు గురించి నేను ఏం మాట్లాడినా ఆమెను గడప నుంచి తప్పించడానికే మాట్లాడతానని ఆమెకు తెలుసు. ఇదీ అలాంటిదే అనుకుంది. ముఖం పక్కకు తిప్పుకుని తమలపాకు తొడిమ తుంచుకుంటూ కూర్చుంది.

తెల్లవారుజామున ఇల్లంతా అదిరేంత చప్పుడైంది. పరుగెత్తాను. సుతిలి తెగిపోయి ఉంది. తలుపు కింది బందు మీద మెలిపడి గడపకు అడ్డంగా ఒరిగింది. దానికవతల మెట్ల మీద మా అత్త, చీరంతా తడిసి, ఎడమ చెయ్యి ఒంటి కింద ఇరుక్కుని పడి ఉంది. పసుపు గిన్నె వాకిట్లోకి దొర్లిపోయింది. తలుపు ఆమె మీద పడకుండా చౌకట్టుకు ఆనుకుంది. అది నా అదృష్టం. నా జాగ్రత్త కాదు. తలుపు పక్క సందులోంచి దూరి అవతలికి పోయి ఆమె తలను ఒళ్లోకి తీసుకున్నాను. ఆమె అన్న మొదటి మాట నాకు మరుపు రాదు.

"నేను కడప తొక్కలే బిడ్డా."

అప్పుడర్థమైంది నాకు. కుడి మోకాలు వంగదు. గడప మీద కాలు మోపి దాటితే సులువే, కానీ మోపదు. అందుకని రెండు చేతులతో తలుపు కొస పట్టుకుని, ఒళ్లంతా దాని మీద వేసి, బిర్రబిగిసిన ఆ కాలిని ఎత్తి అవతల పెడుతోంది. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. నేను అగ్గిపుల్లలు దూర్చి బిగించిన స్క్రూలన్నింటినీ ఆమె రోజూ ఆ బరువుతో పీకుతూ వచ్చింది. అంత పక్కన మిషన్ మీద కూర్చుని కూడా నేను చూడలేదు. నాకు వినబడింది గరగర చప్పుడొక్కటే.

"ఎన్నడి సంది గిట్ల?" అన్నాను.

"రెండేండ్లయితాంది."

"నాకు చెప్పొద్దా?"

"చెప్తె కడప నువ్వు తీసుకుంటవ్" అంది. నొప్పికి ఊపిరి బిగబట్టి మళ్లీ అంది. "మా అత్తకు గిట్లనే మోకాళ్లు వోయినయ్. నీకెందుకత్తా తక్లీబు, నేను చేస్త తియ్యి అన్న. మంచికే అన్న. ఆ దినం పండుకున్నది మంచంల, మల్ల దిగలే. నువ్వు పండుకో అన్ననాటి సంది నాకు గదే కండ్లల్ల తిరుగుతాంది."

నాకు మొదట ఆమె మీద కోపమొచ్చింది. ఆ తర్వాత నా మీద. ఆ తర్వాత ఎవరి మీద రావాలో తెలియక గట్టిగా ఏడ్చాను. ఆమె కుడి చేత్తో నా వీపు నిమిరింది. దెబ్బ తగిలింది ఆమెకు, ఓదార్పు నాకు.

దవాఖానకు తీసుకుపోతే మణికట్టు చిట్లిందని పట్టీ కట్టారు. ఆ ఆరు వారాలూ గడప నేనే కడిగాను. ఆమె లోపల పీట మీద కూర్చుని ఆ మూల పసుపు అంటలేదనీ, బొట్టు వంకరపోయిందనీ చెబుతూనే ఉంది. రోజూ కడగడం మొదలుపెట్టే ముందు "నీ చెయ్యి మంచిగయ్యేదాక" అని వినబడేలా అనేదాన్ని. అనకపోతే ఆమె కాఫీ ముట్టేది కాదు.

వడ్లాయన చౌకట్టులో కొత్త చెక్క దిగ్గొట్టి, రెండుకు బదులు మూడు బందులు వేశాడు. గడప పక్కన గోడకు లోపలొకటి, బయటొకటి ఇనుప కమ్మీలు బిగించమన్నాను. మా అత్తకు నచ్చలేదు. బస్సులో ఉన్నట్టుందని, నాలుగు రోజులు లోపలి కమ్మీ మీద తువ్వాలు ఆరేసింది. ఐదో రోజు తువ్వాలు తీసేసి దాన్ని పట్టుకుంది. కాలెత్తి గడప దాటింది. నేను మిషన్ తొక్కుతూ చూడనట్టే ఉన్నాను.

ఆ తర్వాత మూడేళ్లు గడప ఆమే కడిగింది. పోయిన ఏడు చలికాలంలో మూడు రోజుల జ్వరంతో పోయింది. జ్వరం పట్టిన రోజు పొద్దున కూడా ముగ్గు ఆమెదే. ఇప్పుడు గడప నాది. ఇన్నేళ్లు గుచ్చుకున్నది దొరికింది కదా, నెమ్మదిగా ఉంటుందనుకున్నాను. లేదు. బందులకు నెలనెలా నూనె వేస్తాను, స్క్రూలు తడిమి చూస్తాను, అన్నీ బిగువుగానే ఉంటాయి. అయినా పడుకున్నదాన్ని లేచి మళ్లీ వెళ్లి చూస్తాను.

మొన్న మా బిడ్డ సెలవులకు ఇంటికొచ్చింది. బయటికి పోతూ పోతూ గోడకున్న కమ్మీ మీద చెయ్యి వేసి ఆగింది.

"అమ్మా, గీ కమ్మీ ఎందుకు ఊగుతాంది? అవ్వ లేదు గద, దీన్నిప్పుడు ఎవరు పట్టుకుంటున్నరు?"

"పాతదైంది బిడ్డా" అన్నాను, మిషన్ మీద నుంచి తల ఎత్తకుండా.

అది నా దగ్గరికి వచ్చి, నా భుజం మీద గడ్డం ఆనించింది. "అలసిపోయినట్టు కనబడుతున్నవ్. రేపు పండుకో అమ్మా. కడప నేను కడుగుత" అంది. మంచికే అంది.

మర్నాడు నాలుగింటికే లేచాను. మిషన్ సొరుగులోంచి స్క్రూడ్రైవర్ తీసి ముందు కమ్మీ బిగించాను. ఆ తర్వాత దాన్నే పట్టుకుని, చెయ్యి ఊతంతో వంగని కాలెత్తి, గడప దాటాను.