వైవాలో గుర్తురాని కథ

విజయవాడలో నా పీహెచ్‌డీ వైవాకి ఎవరైనా రావచ్చంటే, అమ్మ పామర్రు నుంచి స్వీట్ల డబ్బాతో వచ్చి వెనక కూర్చుంది. స్త్రీవాద సిద్ధాంతం గురించి అరగంట గడగడా చెప్పాను. ఎగ్జామినర్ గారు థీసిస్ మూసేసి, "సిద్ధాంతం సరేనమ్మా. నువ్వు తీసుకున్న మొదటి కథ చివర్లో ఆ ఇల్లాలు ఏం చేస్తుంది?" అన్నారు.

ఎంతకీ గుర్తు రాలేదు. ఒళ్ళంతా చెమట పట్టింది. గైడ్ గారు తల దించుకున్నారు. ఐదేళ్ల కష్టం గంగలో కలిసిందనుకున్నాను.

"నేను చెప్పనాండీ?" అంది అమ్మ వెనక నుంచి. ఆ కథ తనకి చదివి వినిపించింది నేనే. "అందరికంటే ముందు తన కంచంలో వడ్డించుకుంటుందండీ. నాకింకా అంత ధైర్యం రాలేదు."

"నీ థీసిస్ అంతా ఇదేనమ్మా" అన్నారాయన నాతో.

డాక్టరేట్ వచ్చింది. ఆ కథ మీద అరవై పేజీలు రాసిన నేను, ఇంటికెళ్ళాక అమ్మ వడ్డిస్తే ముందు కూర్చుని తినేశాను. అది తల్చుకుంటే ఇప్పటికీ వైవాలో పట్టిన చెమటే మళ్ళీ పడుతుంది.